పోస్టులో వచ్చిన వాసనలు

పడవలోంచి,
బయట వాన.

వదినగారికి నమస్కారాలు.

కవరు మీద నా చేతిరాత చూసి కూడా చింపెయ్యకుండా తెరిచారంటే అదే పదివేలు. మామయ్యగారు పోయాక మీకు ఫోన్ చేశాను. మొదటిసారి "షాపులో జనం ఉన్నారు" అన్నారు. తర్వాతసారి నా గొంతు వినగానే పెట్టేశారు. ఉత్తరం అయితే మధ్యలో పెట్టెయ్యలేరు కదా అని రాస్తున్నాను.

సంగతేమిటంటే, పడవ కంపు కొడుతోంది. మామూలు కంపు కాదు. తలుపు తీస్తే చెంప మీద కొట్టినట్టుంటుంది. నేను కళ్ళజోళ్ళ షాపు నుంచి సాయంత్రం ఇటే వస్తాను. ఇంటికి వెళ్ళేసరికి నా జుట్టూ బట్టలూ అన్నీ అదే వాసన. మీ తమ్ముడు నాకు వీధి గుమ్మంలోనే తువ్వాలు ఇచ్చి స్నానానికి తోలేస్తున్నారు.

రేవు ఆఫీసరు తలుపు మీద కాగితం అంటించి వెళ్ళాడు. పక్క పడవలవాళ్ళు ఫిర్యాదు చేశారట. వానలు తగ్గాక వచ్చి చూస్తాడట. అప్పటికీ కంపు పోకపోతే లోపల చెక్క కుళ్ళినట్టే లెక్క, పాత పడవల్ని విరగ్గొట్టే యార్డుకి లాక్కెళ్తారు. మీ తమ్ముడేమో "పీడా పోతుంది, తీసుకెళ్ళనీ" అంటున్నారు. ఆయనకి ఈ పడవంటే ఎంత ప్రేమో మీకు తెలుసు కదా.

మామయ్యగారు ఇది నా పేర రాయడం మీకు కష్టంగా ఉందని తెలుసు. నేను అడగలేదు వదినగారూ. అడక్కుండా వచ్చినదాన్ని పోగొట్టుకునే దాన్నవుతానేమో అని భయంగా ఉంది. "మా పుల్ల ముక్కు ముందు పోలీసు కుక్క దిగదుడుపు" అనేవారు మామయ్యగారు. చిన్నప్పుడు మీరు అంత సన్నగా ఉండేవారట. నా ముక్కు ఇక్కడ ఉండీ ఉండీ మొద్దుబారిపోయింది. ఒక్కసారి వచ్చి చూస్తారా?

మీ మరదలు


లాండ్రీ షాపు,
ఇస్త్రీ బల్ల పక్కనుంచి.

పడవ యజమానురాలికి,

పడవేమో నీది. కంపు మాత్రం నాకు వాటానా? బాగుందమ్మా పంపకం.

రాను. షాపు వదిలి రావడం కుదరదని రాద్దామనుకున్నాను గానీ అబద్ధం దేనికి? నువ్వు చుక్కాని పట్టుకుని నిలబడితే చూడలేకే ఆ పడవ ఎక్కడం మానేశాను. ఇప్పుడు అది నీ పేర ఉంటే చూడగలనా? పళ్ళు ఊడి కొత్తవి వచ్చింది ఆ పడవలో. ఈత నేర్చుకుంది ఆ పడవ పక్కన. తమ్ముడికి ఇవ్వలేదంటే అర్థముంది, వాడు రేవు చూస్తేనే వాంతి చేసుకుంటాడు. మరి నాకేం రోగం? నాన్నకి కూతురు లేదా?

సరే. "కంపు కొడుతోంది" అని రాశావు. డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అన్నట్టుంది. ఎలాంటి కంపు? మురిగిన గుడ్డా, డీజిలా, తడిసిన కుక్కా, విరిగిన పాలా? పడవ మూసి ఉంచితే ఎక్కువా, ఊగుతుంటే ఎక్కువా? నీ కళ్ళజోళ్ళ షాపులో ఎవరైనా వచ్చి "కనపడట్లేదు" అంటే దూరమా దగ్గరా అని అడగవూ?

నేను చెప్పినట్టు చెయ్యి. ఇది పడవ మీద జాలి, నీ మీద కాదు. తెల్ల గుడ్డ వేణ్ణీళ్ళలో ముంచి పిండి, ఒక్కో పైపుకీ చుట్టు. చల్లారేదాకా ఉంచు. పైపు పైకి బాగానే ఉన్నా లోపలి వాసన ఊరుతుంటే గుడ్డకి పట్టేస్తుంది. పరుపులకీ, అరలకీ, ఇంజను కింద రేకుకీ అంతే, వేడి గుడ్డతో అద్దు. ఒక్కో గుడ్డనీ బిగుతు మూత ఉన్న సీసాలో పెట్టి నాకు పంపు. ఏది ఎక్కడిదో రాయకు. మా షాపులో బట్టలకి కట్టినట్టు రంగు దారం కట్టి, ఏ రంగు ఎక్కడిదో నీ దగ్గరే పెట్టుకో. ముందే తెలిస్తే ముక్కు మొహమాటపడుతుంది.

సీసాలు కడిగి ఆరబెట్టి మరీ వాడు. పచ్చడి వాసన పంపావంటే ఊరుకోను.

వదిన


పడవలోంచి,
వాన ఆగింది, చినుకులు మాత్రం పడుతున్నాయి.

వదినగారికి,

మీరు తిట్టిన తిట్లన్నీ చదివాను. అయినా మీరు జవాబు రాశారన్న సంతోషం ముందు అవి నాకు ఆనలేదు.

సీసాలు పంపుతున్నాను. పోస్టాఫీసులో గుమాస్తా "లోపల ఏముంది?" అన్నాడు. నాకు అబద్ధం తోచక "వాసనలు" అన్నాను. అతను నన్ను కిందికీ పైకీ చూసి, "మందులు అని రాసుకుంటాలెండి" అన్నాడు.

మూసి ఉంచితే ఎక్కువ. పక్కనుంచి పెద్ద పడవ ఏదైనా వెళ్ళి, మనది ఊగితే ఇంకా ఎక్కువ. గుడ్డలు చుట్టడానికి మీ తమ్ముణ్ణి పిలిచాను. సగం మెట్ల దాకా దిగారు. "మా అక్కకి పంపడానికి నీకు ఇంతకంటే మంచి కానుక దొరకలేదా?" అని అడిగి మళ్ళీ ఎక్కేశారు.

నీలం దారం గుడ్డ ఒక అరలోది. అక్కడ నాకేమీ వాసన తెలియలేదు. మీరు అన్ని అరలూ అన్నారని అద్దాను.

మరదలు


లాండ్రీ షాపు,
మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ.

మరదలికి,

సీసాలు అందాయి. మూతలు వీధి అరుగు మీద తీశాను. పక్క కొట్టువాడు కొట్టు మూసుకుని టీకి వెళ్ళిపోయాడు.

ఎర్ర దారం టాయిలెట్ నుంచి బయటికి పోయే పైపు. ఒట్టేసి చెప్తాను. కడిగితే పోదు, సెంట్లు చల్లితే అసలే పోదు. ఆ రబ్బరు లోపల్నుంచి నానిపోయింది. కోసి పారేసి కొత్తది వెయ్యి. పచ్చ దారం విరిగిన పాలు, అంటే ఐసు పెట్టె కింద గొట్టం. దాంట్లోంచి కారేదంతా పడవ అడుక్కి పోతోంది. గొట్టానికి బిరడా కొట్టు, కరిగిన నీళ్ళు బకెట్టుతో తోడి బయట పొయ్యి. పసుపు దారం పరుపు, బూజు. గలీబులు ఉతుక్కోవచ్చు, లోపలి స్పాంజి మాత్రం తగలెయ్యి. తెల్లది పాత డీజిలు. సబ్బునీళ్ళతో తుడిస్తే చాలు.

ఇక నీలం దారం.

ఏ అరలో అద్దావో నువ్వు చెప్పక్కర్లేదు. నాన్న గడ్డం సామాను పెట్టుకునే అర. ఆ సబ్బు, ఆ పొగాకు, తడి ఉన్ని టోపీ. నీకు వాసన తెలియలేదని రాశావు. అవునులే, రోజూ పక్కనే ఉన్నవాళ్ళకి ఎలా తెలుస్తుంది? నాకు తెలిసింది. షాపులో జనం ఉన్నారని కూడా చూడకుండా సీసాలో ముక్కు పెట్టుకుని కూర్చున్నాను. ఆ గుడ్డ తిరిగి ఇవ్వను. ఆ అర మాత్రం కడిగావంటే మనిద్దరికీ మాటల్లేవు.

ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి అంతా అనేస్తాను. చుక్కాని ఒక్కసారి ఇమ్మని ఎన్నేళ్ళు బతిమాలానో! "నువ్వు ముందు కూర్చో" అనేవాడు. ముందు, ముందు, ఎప్పుడూ ముందే. నువ్వు కాపరానికి వచ్చిన ఏడాదే నీ చేతికి ఇచ్చేశాడు. గాలికి ఎదురు ఎలా పోవాలో నీకు చెప్పాడు. తెరచాప ఎప్పుడు దించాలో నీకు చెప్పాడు. నేను ఊరి నుంచి వచ్చి గట్టు మీద సంచి పట్టుకుని నిలబడితే, మీరిద్దరూ నవ్వుకుంటూ రేవులోకి వస్తున్నారు. ఆ నవ్వు నాకింకా చెవుల్లోనే ఉంది. నాకు అసూయే. ఏం చేసుకుంటావో చేసుకో.

వదిన


పడవలోంచి,
మళ్ళీ ముసురు.

వదినగారికి,

పైపు మార్చాను. పాతది కోసినప్పుడు నా ప్రాణం పోయిందనుకున్నాను. ఐసు పెట్టెకి బిరడా కొట్టాను. స్పాంజి తగలేశాను. ఇంజను కింద తుడిచిన గుడ్డలకి లెక్క లేదు. మీరు చెప్పినవన్నీ ముమ్మాటికీ నిజం. గుడ్డ వాసన చూసి అర కూడా చెప్పారే, ఆ మాట మాత్రం రెండుసార్లు చదువుకున్నాను. ఆ అర కడగలేదు, కడగను.

కొన్నాళ్ళు హాయిగా ఉంది. మీ తమ్ముడు మెట్లు పూర్తిగా దిగి, లోపల కూర్చుని టీ తాగారు కూడా. తర్వాత గట్టి వాన కురిసింది, కంపు మళ్ళీ వచ్చింది. ఈసారి ముందు గదిలోంచి. మురిగిన గుడ్డు వాసన. నల్ల దారం గుడ్డ ముందు గది నేల మీద అద్దింది, ఇది చెప్పే పంపుతున్నాను.

చుక్కాని సంగతి రాశారు కాబట్టి నేనూ రాస్తాను. మీరనుకున్నంత ముద్దేమీ లేదక్కడ. మామయ్యగారి చేతులు వణకడం మొదలైంది, ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎదురుగా నేనున్నాను. ఎంత బాగా నడిపినా "పర్లేదు" అనేవారు. ఆ వెంటనే "మా పుల్ల అయితేనా" అని మొదలు. పుల్ల అయితే గాలి రాకముందే పసిగట్టేది. పుల్ల అయితే ముడి ఇలా వెయ్యదు. నవ్వుకుంటూ వస్తున్నామన్నారే, ఆ నవ్వు కూడా మీ చిన్నప్పటి అల్లరి కథలకే అయ్యుంటుంది. ఆ పుల్లని ఎక్కడైనా విరిచి పొయ్యిలో పెడదామా అనిపించేది నాకు. మీరు అసూయ అని రాశారు. నేను ఇన్నాళ్ళూ ఆ మాట పైకి అనలేదు, అంతే తేడా.

మరదలు


లాండ్రీ షాపు,
పొద్దున్నే.

మరదలికి,

నల్ల దారం చూశాను. నిలవ నీళ్ళు. గాలాడని చోట కదలకుండా పడి ఉండి చచ్చిన ఉప్పునీళ్ళు. టాయిలెట్‌లోకి సముద్రం నీళ్ళు లాక్కునే పైపులో ఉంటే మంచినీళ్ళు పోసి పంపు కొట్టు. లంగరు గొలుసు పెట్టే గూట్లో బురద ఉంటే తోడి కడుగు.

కానీ ఆ వాసన ముందు గదిలో రాకూడదు. నేను ఉన్నన్నాళ్ళూ ఎన్నడూ రాలేదు. వారం వారం చెయ్యాల్సిన పని చేస్తే రాదు. ఆ పనులన్నీ నాన్న నీకు అప్పజెప్పకుండా ఉంటాడా? చుక్కానే ఇచ్చినవాడు! చెయ్యడం నీకు బద్ధకం అయ్యుంటుంది. చుక్కాని పట్టుకుని గాలికి జుట్టు ఎగరేసుకోవడం అందరికీ ఇష్టమే. పడవ అడుగున పని ఎవరిక్కావాలి?

"పుల్లని విరిచి పొయ్యిలో పెడదామనిపించేది" అన్నావు. మంచిది. నాకేమనిపిస్తుందో నేనూ చెప్తాను. ఆఫీసర్ని రానీ. యార్డుకి లాక్కెళ్ళనీ. గొడ్డళ్ళతో ముక్కలు చెయ్యనీ. అది నీ చేతుల్లో కళకళలాడుతూ ఉందని వినడం కన్నా, లేదని విని ఓసారి ఏడవడం నాకు తేలిక.

ఇది మళ్ళీ చదవను. చదివితే చింపేస్తాను. ఇప్పుడే వెళ్ళి డబ్బాలో వేస్తున్నాను.

వదిన


పడవలోంచి.

వదినా,

గారు పెట్టలేదు. పెట్టాలనిపించలేదు.

మీ ఉత్తరం మీ తమ్ముడికి చూపించాను. ఆయన చదివి, మడత పెట్టి, "మా అక్క ఇంత మాట అందంటే ఎక్కడో గట్టిగా తగిలింది, నువ్వు ఏదో దాచావు" అన్నారు. అక్కడికి తప్పు నాదే అయింది. అదేం మనిషో! కానీ ఆయన అన్నది నిజం. దాచాను.

టాయిలెట్ పైపు కడిగాను. లంగరు గూడు తోడాను. కంపు వాటిలోంచి కాదు. ఎక్కడినుంచో నాకు మొదటినుంచీ అనుమానం ఉంది. ముందు గదిలో, మీరు చిన్నప్పుడు పడుకునే బల్ల కింద, నేల మీద ఒక చెక్క ఉంది. స్క్రూలతో బిగించి ఉంటుంది. పడవలో మిగతా చెక్కలన్నీ చేత్తో లేస్తాయి, అదొక్కటే లేవదు. నేను వచ్చిన కొత్తలో స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని దగ్గర కూర్చున్నాను. మామయ్యగారు పైనుంచి పరుగెత్తుకొచ్చి నా చేతిలోంచి లాక్కున్నారు. "అది నీది కాదు. అది పుల్ల పని. వస్తుంది, వచ్చాక చేసుకుంటుంది" అన్నారు. నన్ను ఆయన కసిరింది ఆ ఒక్కసారే. ఇంకోసారి అడిగితే మాట మార్చారు. లోపల ఏముందో, పనేమిటో కూడా చెప్పలేదు.

పడవ మొత్తం నా చేతికి ఇచ్చి ఆ ఒక్క చెక్క ఇవ్వలేదు. ఆయన ముఖ్యమైనది ఏదో మీ కోసం అక్కడ దాచుకున్నారని నాకు ఎప్పుడూ ఒక మంట. పోయాక తెరవచ్చుగా అంటారు. బతికుండగా ఇవ్వనిది పోయాక లాక్కుంటానా? అభిమానం అడ్డొచ్చింది. మీకు రాయడానికి ఇంకా అడ్డొచ్చింది. రాస్తే మీరు గెలిచినట్టే కదా.

ఇప్పుడు రాసేశాను. గెలవండి. వానలు తగ్గుముఖం పట్టాయి, ఆఫీసరు ఈ నెలాఖరులోగా వస్తానని కబురు పెట్టాడు. తెరవమంటే తెరుస్తాను. వద్దంటే మానేస్తాను. పని మీది.

మరదలు


లాండ్రీ షాపు,
నిలబడి రాస్తున్నాను.

అమ్మాయ్,

అంటే నాన్న గొలుసు లాగలేదా? ఇన్నేళ్ళూ?

విను. పడవ అడుగున అడ్డంగా పక్కటెముకల్లాగా దుంగలుంటాయి. ఒక్కో దుంగకీ కింద చిన్న కన్నం. పైనుంచి కారిన వాననీళ్ళు, చెమ్మ, అన్నీ ఆ కన్నాల్లోంచి జారుకుంటూ మధ్యనున్న గుంటలోకి చేరాలి, అక్కడ పంపు తోడేస్తుంది. కన్నాలు పూడుకుంటే ఎక్కడి నీళ్ళు అక్కడే నిలిచి చచ్చిపోతాయి. పూడకుండా ఉండాలని వాటన్నిటిలోంచీ ఒక సన్నని గొలుసు దూర్చి ఉంటుంది. దాని ఒక కొస నువ్వు చెప్పిన చెక్క కింద. రెండోది ఇంజను మెట్టు కింద కొక్కేనికి తగిలించి ఉంటుంది, చూసే ఉంటావు. ప్రతి ఆదివారం నేను ఆ సందులో దూరి ఇటు లాగేదాన్ని, నాన్న ఇంజను దగ్గర కూర్చుని అటు లాగేవాడు. కన్నాలన్నీ గీరుకుని శుభ్రపడేవి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఇటు లాగినదాన్ని అటునుంచి ఎవరో వెనక్కి లాగాలి. అందుకే నన్ను ముందు కూర్చోమనేవాడు.

నేను వెళ్ళిపోయాక ఆ చోట నువ్వే దూరుతున్నావనుకున్నాను. చుక్కాని నీకిచ్చాడని కాదే నా ఏడుపు. అది నెపం. ఆదివారం పూట గొలుసు అవతలి కొసన నువ్వున్నావని. ఆ మాట నోటితో అనలేకే "వారం వారం చెయ్యాల్సిన పని" అని ముసుగేసి రాశాను. గొలుసు అని ఒక్క ముక్క రాసుంటే మొదటి ఉత్తరంలోనే తేలిపోయేది.

చెక్క ముట్టుకోకు. కొక్కెం దగ్గర కొస కూడా లాగకు, తుప్పుపట్టి ఉంటుంది, తెగితే సగం లోపల ఉండిపోతుంది. షాపుకి తాళం వేసి వస్తున్నాను. యార్డు గురించి రాసింది మర్చిపొమ్మని అడగను, నేను రాసిందే కదా. వచ్చాక మొహం మీద తలుపు వేస్తే వెయ్యి.

వదిన


పడవలోంచి,
తలుపులన్నీ తీసి ఉన్నాయి, ఎండ.

వదినా,

ఆఫీసరు వచ్చి వెళ్ళాడు! ముక్కుకి రుమాలు కట్టుకుని మెట్లు దిగాడు. కాసేపటికి రుమాలు కిందికి లాగాడు. ముందు గదిలో వంగి చూశాడు, గుంటలో లైటు వేసి చూశాడు. "ఏం చల్లారు?" అన్నాడు. "ఏమీ చల్లలేదు, మా వదిన వచ్చి వెళ్ళింది" అన్నాను. అర్థం కాలేదు గానీ తలుపు మీది కాగితం తనే చింపేశాడు. పడవ ఉంటుంది వదినా. ఇక్కడే, మన రేవులోనే.

మీరు ఆ సందులో ఇరుక్కుపోయిన సంగతి మీ తమ్ముడు కనపడినవాళ్ళందరికీ చెప్తున్నారు. "పుల్ల కాదు, దుంగ" అంటున్నారు. నేను గట్టిగానే కోప్పడ్డాను, ఒట్టు. మీ కాళ్ళు పట్టుకుని లాగుతుంటే నాకూ నవ్వొచ్చిన మాట నిజమే. కానీ "ఇక నువ్వే దూరు" అని మీరు అన్నప్పుడు మీ మొహం చూశాను. నాకు దూరాలనిపించలేదు. దూరకపోతే పడవ పోతుందని దూరాను.

లోపల ఎలా ఉందో అప్పుడు చెప్పే తీరిక లేకపోయింది. పాత గొలుసు తుప్పు పొడిలా నా చేతుల్లో రాలిపోయింది. అందుకే కొత్తదాన్ని లాగడానికి ముందు తీగ దూర్చాల్సొచ్చింది, అంతసేపు పట్టింది. కన్నం తరవాత కన్నం పొడుచుకుంటూ పోతుంటే, ఒక్కోదాంట్లోంచి నల్లనీళ్ళు బుడబుడమని కదిలేవి. ఆ కంపుకి కళ్ళు మూసుకున్నాను. మీరు అటునుంచి "వచ్చింది! కొస వచ్చింది!" అని అరిచారు చూశారూ, ఆ అరుపుకి నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు.

ఒక మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. చెక్క మళ్ళీ బిగించేశాను. కొత్త స్క్రూలు. కొత్త గొలుసు దాని కింద భద్రంగా ఉంది. మామయ్యగారు అది మీ పనన్నారు. ఆ రోజు అవసరం కొద్దీ దూరాను గానీ, ఆయన ఇవ్వనిదాన్ని నాది అనుకోను. మీ తమ్ముడికి కూడా గట్టిగా చెప్పాను, ఎవరూ ముట్టుకోకూడదని. మీకు ఎప్పుడు కుదిరితే అప్పుడు రండి. మీ చోటు మీకే ఉంటుంది.

మీ మరదలు


లాండ్రీ షాపు,
మూసే ముందు.

మరదలికి,

నీ ఉత్తరం వచ్చాక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. నా పని నాకే ఉంచావు. నాన్న తర్వాత నువ్వు కూడా. షాపుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను, "నేను వెళ్తే గానీ జరగని పని ఒకటుంది మా పడవలో" అని. మా పడవ అనే అన్నాను, నువ్వు వినలేదు కదా.

ఇవాళ ఒకావిడ కోటు తెచ్చింది. వాళ్ళమ్మదట. ఇంకెవరూ తొడగకూడదని పెట్టెలో దాచిందట. బల్ల మీద పరిచి మడత విప్పితే మడత మడతకీ తెగిపోయి ఉంది. ఏం చేసినా అతకదు. "తొడుక్కుని ఉంటే బతికేదమ్మా" అన్నాను ఆవిడతో. అనేసి ఇస్త్రీ పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంకొకరి చొక్కా కూడా కాల్చాను.

నాన్న నా మీద ప్రేమతో ఆ చెక్క బిగించాడు. పడవ అడుగు నల్లబడింది. ఇప్పుడు నువ్వు నా మీద మర్యాదతో బిగించావు. మళ్ళీ వాన కురుస్తుంది, మళ్ళీ నీళ్ళు నిలుస్తాయి. నేను ఏడాదికి ఒకసారి వస్తానో రెండుసార్లు వస్తానో, అదీ ఇరుక్కుపోవడానికి.

ఇంకోటి. ఆ రోజు ఇంజను పక్కన కూర్చున్నాను కదా, నాన్న కూర్చునే చోట. నేను చిన్నప్పుడు ఎప్పుడూ ఆ కొసన కూర్చోలేదు. నువ్వు లోపల్నుంచి లాగావు. నా చేతులు ముందుకి పోయాయి. అక్కడ మనిషి కనపడదు, అరిస్తే తప్ప మాట వినపడదు, ఆ లాగుడొక్కటే తెలుస్తుంది. అన్నేళ్ళు ఆయన ఈ కొస పట్టుకుని, అటునుంచి ఏమీ రాకుండా కూర్చున్నాడు కాబోలు అనుకున్నాను. పక్కనే నువ్వుండగా! లాగే చేతులు అక్కడే ఉండగా! నాకు నాన్న మీద జాలేసింది, కోపమొచ్చింది. నీ మీద మాత్రం అసూయే వచ్చింది. ఎందుకంటే బాగా లాగావు. నాకన్నా బాగా.

స్క్రూలు తియ్యి. ఆ చెక్కకి వేలు పట్టే కన్నం ఒకటి పెట్టించు, మిగతావాటిలాగా చేత్తో లేచేలా. ఆదివారం ఆదివారం నా చోట నువ్వు దూరు. నాన్న చోట మా తమ్ముణ్ణి కూర్చోబెట్టు, వాంతులొస్తాయంటే పక్కన బకెట్టు పెట్టు. ఆ పని పుల్లది కాదు, నాది కాదు, పడవలో ఎవరుంటే వాళ్ళది.

ఈ మాట రాస్తుంటే నా కడుపు మండిపోతోంది. మండనీ. నువ్వు లాగు.

వదిన